ఇంటి గింజ తిన్న అంగడి కోడి

హేమ్లి రెండు చేతులూ మోచేతుల దాకా గంపలో ఉన్నాయి. అడుగున జల్లించిన బూడిద పరిచింది. దాని మీద వేపాకు, ఆ పైన అరచేతుల మధ్య నలిపి మెత్తన చేసిన వరిగడ్డి వేసి, నడుమ పిడికిలితో గుంట నొక్కింది. గుంట మరీ లోతైతే గుడ్లు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. మరీ పలచనైతే అంచులకు దొర్లి చల్లబడతాయి. ఎంత ఉండాలో ఆ పిడికిలికే తెలుసు. తర్వాత గుడ్లను రెండేసి చొప్పున తీసుకుని, చెవి దగ్గర మెల్లగా ఒకదానికొకటి తగిలించి చప్పుడు వింది. పెంకు గట్టిగా ఉంటే చప్పుడు ఖంగున పలుకుతుంది. కంటికి కనపడని పగులుంటే బొంగురు పోతుంది. బొంగురుపోయినవి కూరకు పక్కన పెట్టింది. మిగిలినవి గుంటలో పేర్చి, గంప అంచున ఒక బొగ్గుముక్కా ఒక ఇనుప మేకూ గుచ్చింది. వానాకాలపు ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని వాళ్లమ్మ అలా పెట్టేది. మేకు ఉరుమును ఆపుతుందా అని హేమ్లి ఎన్నడూ అడగలేదు. పెట్టకుండా మాత్రం ఒక్క ఏడూ పొదగేయలేదు.

పొద్దు గుంకాక నల్లపెట్టను తెచ్చి గుడ్ల మీద వదిలింది. అది ఒకసారి చుట్టూ తిరిగి, ముక్కుతో రెండు గుడ్లను లోపలికి జరుపుకుని, రెక్కలు విప్పి వెడల్పుగా కూర్చుంది. కూర్చున్నాక నల్లగుడ్డ పరిచినట్టే ఉంది, కింద ఒక్క గుడ్డు కనపడలేదు.

చండ్రుగొండకు అవతల, టేకు అడవి అంచున ఉంటుంది వాళ్ల తండా. హేమ్లి పెళ్లయి వచ్చినప్పుడు తల్లిగారింటి నుంచి ఒక నల్లకోడిని చంకలో పెట్టుకొచ్చింది. ఈ మంద అంతా ఆ కోడి సంతానమే. నడుమ నడుమ అడవికోడి పుంజులు వచ్చి కలిసిపోయాయి కాబట్టి వాటి కాళ్లు సన్నం, ఒళ్లు తేలిక. చీకటి పడితే గూటికి రావు, చింతకొమ్మ ఎక్కుతాయి. గద్ద నీడ నేలమీద పడకముందే తల్లి ఒక కూత కూస్తుంది, పిల్లలన్నీ కంపకిందికి దూరుతాయి. ముంగిసకు ఎదురు తిరిగిన పెట్టలున్నాయి. అన్నిటికంటే పెద్ద గుణం, అవి పొదుగుతాయి. ఈ రోజుల్లో వ్యాన్ల మీద తెచ్చి అమ్మే రంగురంగుల పిల్లలు పెరిగి గుడ్లు పెడతాయే గాని గుడ్ల మీద కూర్చోవు. పెట్టిన గుడ్డును తొక్కుకుంటూ పోతాయి. హేమ్లి పుట్టిన తండాలో ఇప్పుడు అవే ఉన్నాయి. అసలు నల్లజాతి ఈమె వాకిట్లోనే మిగిలింది. అందులోనూ ఒడుపుగా పొదిగేది ఈ నల్లపెట్ట ఒక్కటే. దానికీ వయసైపోతోంది. ఈసారి లేచే పిల్లల్లో రెండు పెట్టలైనా తల్లి పోలికతో వస్తే జాతి నిలుస్తుందని ఆమె ఆశ.

పెట్ట గుడ్ల మీద ఉండగానే సీత్లా పండుగ వచ్చింది. తండా పొలిమేరలో సీత్లా తల్లి, ఆమె అక్కచెల్లెళ్ల పేర నిలిపిన రాళ్లకు గుగ్గిళ్లు పెట్టి, పశువులకూ పిల్లలకూ ఏ రోగమూ రానివ్వకు తల్లీ అని మొక్కుకునే పండుగ అది. ఇంటికో కోడి ఇవ్వాలి.

"పుంజును ఇచ్చేద్దాం," అన్నాడు భర్త మోతీలాల్, మంచం నులక బిగిస్తూ. "పొద్దుగాల్నే లేపి సంపుతాంది."

"పుంజునిస్తే రేపు గుడ్లల్ల పిల్లలెట్ల పడ్తయ్? నువ్వు కూస్తవా చింతకొమ్మెక్కి?"

కోడలు సంగీత పొయ్యి దగ్గర నవ్వు ఆపుకోలేక పొగ మింగి దగ్గింది.

"మరి పెట్టల్ల ఒకటియ్యి."

"ఏ పెట్టనియ్యాలె? గుడ్లు పెట్టేది ఇయ్యాల్నా, పొదుగుతున్నది ఇయ్యాల్నా?"

వేసవిలో ఎదిగొచ్చిన కుర్రపుంజులను అడవిపిల్లి ఎత్తుకుపోయింది. అవి ఉంటే ఈ మాటే రాకపోయేది. హేమ్లి అంగడికి పోయి ఒక ఎర్రపుంజును కొనుక్కొచ్చింది. చూడకుండా తేలేదు. తెగులు తగిలిన ఇంటి కోళ్లు ముందు అంగడికే వస్తాయని ఆమెకు తెలుసు. జుట్టు ఎరుపు చూసింది, ముక్కు నొక్కి చీమిడి లేదనుకుంది, తోక కింద ఈకలు ఊది శుభ్రంగా ఉన్నాయనుకుంది, మేత సంచి తడిమి గింజ నిండుగా ఉందనుకుంది. పుంజు ఆమె చేతిని పొడిచింది కూడా. రోగపుకోడి పొడవదు.

ఆ తండాలో ఒక పద్ధతుంది. కొన్న కోడిని తెచ్చిన చేత్తోనే తల్లికి ఇవ్వకూడదు. అది ఒక రాత్రి ఇంట్లో నిద్రచేయాలి, ఇంటి గింజ తినాలి. అప్పుడే అది ఇంటి కోడి కింద లెక్క.

"అత్తా, దాన్ని గా గుంజకు కట్టేసి గింజలు ఆడనే ఏద్దునా?" అని అడిగింది సంగీత.

"వద్దు బిడ్డా. కట్టేస్తే సుట్టం లెక్క తింటది. మందల కల్సి తింటెనే మందది అయితది."

హేమ్లి రాతితొట్టిలో జొన్నలు పోసింది. ఎర్రపుంజు వాకిటి పుంజుతో కాసేపు కలబడి, తర్వాత తల దించి అన్నిటితో పాటు తింది. రోజుకొకసారి గుడ్ల మీంచి లేచే నల్లపెట్ట కూడా అప్పుడే వచ్చి, గబగబా నాలుగు గింజలు తిని, అదే తొట్టిలో నీళ్లు తాగి, గంపలోకి పరుగెత్తింది. మర్నాడు పుంజును సీత్లా తల్లికి ఇచ్చారు. కూర బాగా కుదిరిందని మోతీలాల్ రెండుసార్లు అన్నాడు.

వారం తిరగకుండానే పొద్దున ఒక పెట్ట చింతకొమ్మ మీంచి దిగలేదు. హేమ్లి గడకర్రతో తడితే మూటలా కింద పడింది. కళ్లు మూసుకుని, ముక్కు తెరిచి, గొంతులో గురగుర. తోక కింద సున్నం కలిపిన పచ్చటి రెట్ట. ఆమె వెల్లుల్లి, పసుపు, వాము నూరి ఉండలు చేసి, ఒక్కొక్క కోడి ముక్కు విప్పి నాలుక వెనక్కి వేలితో తోసింది. ఉండ మింగిన కోడి మధ్యాహ్నానికి మెడ వెనక్కి తిప్పుకుని గుండ్రంగా తిరిగి పడిపోయింది. మందు వేస్తూనే ఆమెకు తెలుసు, అది మందు కాదు, చేతులు ఊరికే ఉండలేకపోవడమే.

ఫోన్ చేస్తే పశువుల మందులిచ్చే జయప్రకాశ్ బండి మీద వచ్చాడు. చచ్చినదాన్ని కర్రతో తిప్పి చూశాడు.

"కొక్కెర తెగులమ్మా."

"తెల్సు సారూ. పేరు కోసం పిల్వలే నిన్ను."

"ఇప్పుడు టీకా ఏసినా లాభం లేదు. ఎండకాలంల తెచ్చిన నేను. మీ తండాల ఒక్కరు లేకుంటిరి, అందరు మిర్చి కల్లాలకు పోయిండ్రు. ఆ సీసా ఒక్కసారి కలిపితే ఎంతోసేపు ఉండదు. తిరిగి తీస్కపోయి పారబోసిన."

ఆమె కాదనలేదు. ఆ రోజు ఆమె కూడా కల్లంలోనే ఉంది, మండుతున్న చేతులతో మిరపకాయలు ఏరుతూ.

"గంపల ఒక పెట్ట ఉంది, గుడ్ల మీద. అది ఇంకా బాగనే ఉంది," అంది.

"తొట్టి దగ్గరకొచ్చి తిన్నదా?"

"అవ్."

జయప్రకాశ్ హెల్మెట్ పెట్టుకున్నాడు. "దూరం పెట్టు. అంతకంటె చెప్పనీకి నా దగ్గర ఏం లేదమ్మా."

ఆ సాయంత్రం మోతీలాల్ ఖాళీ గంప ఒకటి దులిపి, నిలబడ్డ కోళ్లను అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. రేపు అంగడి. ఈ పని తండాలో అందరూ చేసేదే. చెడ్డపని అని ఎవరూ అనుకోరు. పోయేదాంట్లో దక్కినంత దక్కించుకోవడం.

హేమ్లి వచ్చి గంప మీద చెయ్యి పెట్టింది.

"దించు."

"రేపటికి ఇయ్యి కూడ పోతయ్. అప్పుడేం చేస్తవ్, నెత్తిన పెట్టుకుంటవా?"

"బొంద పెడ్త."

"నీకేమన్న తిక్క లేసిందా? లోకమంత అమ్ముతలేదా?"

"లోకమంత అమ్మబట్టే గా ఎర్రపుంజు మనింటికొచ్చింది."

మోతీలాల్ ఆమె మొహం చూశాడు. మొదటిసారి ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చింది. గంప బోర్లించాడు. కోళ్లు బయటికి వచ్చి, పోవడానికి ఎక్కడా లేనట్టు అక్కడే నిలబడ్డాయి. మర్నాటికి వాటిలో సగం, ఆ తర్వాత తక్కినవి పడిపోయాయి. చివరికి పుంజు. అది చచ్చే ముందురోజు కూడా కూసింది, కూత సగంలో తెగింది. మోతీలాల్ వాకిలి వెనక గొయ్యి తవ్వాడు. ఆమె సున్నం చల్లింది. అంగడికి పంపి ఉంటే ఒకటి రెండైనా అక్కరకొచ్చేవన్న మాట అతను పైకి అనలేదు. అతను అనకపోయినా పలుగు నేలలో దిగిన ప్రతిసారీ ఆమెకు అదే వినపడింది.

తెగులు ఆ వాకిట్లో ఆగలేదు. పక్కింటి బద్యా కోళ్లూ పోయాయి. అతను మోతీలాల్‌కు అన్న వరస. గోడ అవతలి నుంచి అందరికీ వినపడేట్టు అన్నాడు:

"ఇంటి కోడి బంగారమైంది నీకు. సీత్లా తల్లికి అంగడిది సూపెట్టినవ్. తల్లి ఊకుంటదా?"

"ఊకోలే బావా," అంది హేమ్లి. తల్లి కోపం వల్ల వచ్చిందని అతని నమ్మకం, తొట్టి వల్ల వచ్చిందని ఆమె నమ్మకం. ఎటు తిరిగినా దారి ఆ పుంజు దగ్గరికే పోతోంది.

నల్లపెట్టను ఆమె గంపతో సహా ఇంటి వెనక గడ్డిపాకలోకి మార్చింది. దానికి వేరే చిప్ప, వేరే నీళ్లు. పాకలోకి పోయే ముందు కాళ్లు కడుక్కునేది, చీర మార్చుకునేది. గుడ్లు పొదుగుకు పెట్టి రెండు వారాలు దాటింది. ఒక సాయంత్రం గోరువెచ్చని నీళ్ల గిన్నెలో గుడ్లను ఒక్కొక్కటీ వదిలి చూసింది. కొన్ని ఊరికే తేలాయి. మరి కొన్ని నీళ్లలో తమంతట తామే చిన్నగా ఊగాయి. లోపల పిల్ల కదిలితేనే అలా ఊగుతుంది. ఊగినవాటిని ఆమె తుడిచి మళ్లీ పెట్ట కింద పెట్టింది.

సంగతి తెలిసి పక్కూరి సుశీలమ్మ బయలుదేరి వచ్చింది. మిర్చి కూలికి ఇద్దరూ ఒకే సాలులో వంగి ఏరిన స్నేహం. తండా దారిలో కల్వర్టు దగ్గర హేమ్లి ఎదురుపోయి ఆపింది.

"ఏందే, పెండ్లిపిల్లను ఆపినట్టు ఊరి బయటనే ఆపినవ్?"

"ఆడనే ఉండు. దగ్గరికి రాకు."

"నాకు తగుల్తదా ఏంది కోడి రోగం? నాకెన్ని ఈకలున్నయ్ రాలిపోనీకి?" సుశీలమ్మ నవ్వి, చేతిలోని ఖాళీ బుట్ట చూపించింది. "మా కోడి పొదుగుకొచ్చి కుర్రు కుర్రుమంటాంది. నీ గుడ్లియ్యి, దాని కింద పెడ్త. పెద్దయినంక సగం నీకు, సగం నాకు. జాతైతే ఉంటది గద."

హేమ్లి ఆ బుట్టను చూసింది. గడ్డి పరిచి, పైన పాతచీర ముక్క మడిచి సిద్ధంగా ఉంది. గుడ్లు పాకలో ఉన్నాయి, పిలిస్తే వినపడేంత దూరంలో. పిల్లలు కదులుతున్నాయి.

"మీ ఇంట్ల ఎన్ని కోళ్లున్నయ్?"

"బొచ్చెడున్నయ్. ఎందుకు?"

"గుడ్డు పెంకు మీద కూడ పోతదే రోగం. కడిగినా పోదు. నా గుడ్లు నీ ఇంటికొస్తే నీ మంద పోతది. తర్వాత మీ ఊరు పోతది."

"రాకపోతే?"

"రాకపోతే మంచిదే. వస్తే?"

సుశీలమ్మ బుట్టను నడుముకు ఆనించుకుని వెనక్కి తిరిగింది. పది బారలు పోయాక తిరిగి, "నీ మనసు బండనే హేమ్లీ," అంది. తిట్టులా అనలేదు. హేమ్లి చెప్పులు కల్వర్టు కింద నీళ్లలో కడుక్కుని ఇంటికి పోయింది.

పిల్లలు లేచాయి. ఊగిన గుడ్లన్నీ చిట్లాయి. నల్లటి తడిపిల్లలు, రెంటికి కాళ్ల మీద గోధుమ చారలు, అడవికోడి పోలిక. పెట్ట వాటిని రెక్కల కిందికి పిలుచుకుంటుంటే హేమ్లి పాక గుమ్మంలో కూర్చుని సంగీతను కేకేసింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. ఆమె నూకలు ఇంకా మెత్తగా దంచి, చిప్పలో చల్లింది. రెండు రోజులు అవి తిన్నాయి, తిరిగాయి, తల్లి వీపు ఎక్కి జారాయి. మూడో రోజు ఒకటి రెక్కలు వేలాడేసి నిలబడే నిద్రపోయింది. ఆ పైన చెప్పడానికి ఏమీ లేదు. చివరి పిల్లను తీసి బయట పెట్టాక కూడా పెట్ట నూకల దగ్గర నిలబడి కొక్ కొక్ మని పిలిచింది. తను తినకుండా పిలిచింది.

రోగం పెట్టకూ తగిలింది. కొన్నాళ్లు ముడుచుకుని కూర్చుంది, రెట్ట పచ్చబడింది. ఆమె వేలితో గంజి తాగించింది. మంద మొత్తంలో అదొక్కటే లేచింది. మెడ ఒక పక్కకు కొంచెం వంగి అలాగే ఉండిపోయింది, ఏదో వింటున్నట్టు. తండాలో ఇంకెవరికీ కోడి లేదు. తర్వాత జయప్రకాశ్ వచ్చి, బతికిన కోడి కొన్నాళ్లు రోగం మోస్తుందని, దాన్ని బయట తిరగనివ్వొద్దని చెప్పాడు. పాకలోనే ఉంచింది.

వానలు వెనకబట్టి పత్తికాయ పగిలే రోజులొచ్చాయి. బద్యా వాళ్లు వ్యాన్‌లో వచ్చిన రంగుపిల్లలను కొన్నారు. హేమ్లి కొనలేదు. పెట్ట మళ్లీ గుడ్డుకొస్తే, సుశీలమ్మ ఇంటి నుంచి ఒక పుంజును అడిగి తేవాలనుకుంది. ఆ పిల్లలు సగం జాతే కావచ్చు, సగమైనా పొదిగే రక్తం. ఒక మధ్యాహ్నం పెట్ట గంపలో కూర్చుని లేచింది. ఆమె పరుగున పోయి చేయి పెట్టింది. వేళ్లకు పెంకు తగల్లేదు. మెత్తగా, వెచ్చగా, తోలుసంచిలా ఉంది. తోలుగుడ్డు. సున్నం తక్కువైందేమోనని నత్తగుల్లలు కాల్చి పొడి చేసి మేతలో కలిపింది. తర్వాతిదీ తోలుగుడ్డే. ఆ పైది సొన లేకుండా ఒట్టి తెల్లనీళ్లే. ఆ తర్వాత అదీ లేదు.

"అత్తా, ఇంక గుడ్డుకు రాదేమో," అంది సంగీత నెమ్మదిగా.

"రాదు బిడ్డా. తెగులు గుడ్లసంచిని పట్టింది."

చండ్రుగొండ దారిలో పామాయిల్ తోట ఉన్న బసవపున్నయ్య ఆ వారంలోనే వచ్చాడు. వాళ్ల నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నాటుకోడి కావలసినప్పుడల్లా ఈ వాకిటికే వస్తాడు. వాకిలి చూసి ఆగిపోయాడు.

"ఏంటమ్మా హేమ్లీ, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి?"

"తెగులొచ్చి పోయినయ్ అయ్యా. మీకు తెల్వదా?"

"తెలీదే. మా ఆవిడ పద్మావతమ్మకు జ్వరం తగ్గింది, నోరంతా చేదంటోంది. నాటుకోడి పులుసైతే నాలుగు ముద్దలు తింటుందని వచ్చా. ఒక్కటీ లేదా?"

హేమ్లి పాక వైపు చూసింది. మోతీలాల్ కూడా చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. దాన్ని ఇంకా మేపితే ఏమొస్తుంది? గుడ్డు రాదు. పొదగాలన్నా దాని కింద పెట్టడానికి ఆ జాతి గుడ్డు లోకంలో లేదు. కోడి గుడ్డుకైనా ఉండాలి, కూరకైనా ఉండాలి. ఆమె తల్లి అదే చెప్పింది, ఆమె సంగీతకు అదే చెప్పింది.

"ఒకటుంది," అంది. "తెగులు పడి లేచింది. రెండు నెలలు దాటింది, ఇప్పుడు ఏం లేదు. మీ ఇష్టమైతేనే."

"ఉడికాక తెగులేంటమ్మా. ఇవ్వు."

"ప్రాణంతోటి ఇయ్య. మీ దొడ్లె కోళ్లున్నయ్. కోసి, శుభ్రం చేసిస్త. జర కూసోండ్రి."

ఆమె పెట్టను చంకలో పెట్టుకుని గొయ్యి దగ్గరకు పోయింది. రెక్కలు కలిపి పాదం కింద ఉంచి, మెడ మీద ఈకలు రెండు వేళ్లతో పక్కకు తీసి, ఒక్క గాటులో పని ముగించింది. తన్నుకోనివ్వకుండా చేతుల్లోనే పట్టుకుంది. ఈకలు పొడిగానే పీకింది. వేడినీళ్లు పోస్తే నాటుకోడి చర్మం రుచి పోతుంది. గడ్డి మంట చేసి తిప్పి తిప్పి కాల్చింది. చర్మం పచ్చగా బిగిసి, ఎక్కడా నల్లబడకుండా, సన్నీకలు మాత్రం చిటపటమని కాలిపోయేంత వరకే. పసుపు పట్టించి రుద్ది కడిగి, పొట్ట కోసింది.

గుడ్లు పెట్టే పెట్టను కోస్తే లోపల సొనలసరం ఉంటుంది. పెద్దది నిమ్మకాయంత, తర్వాతివి తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆవగింజలంత. కూరలో వాటి కోసం ఇంట్లో పోట్లాటలయ్యేవి. ఈ పెట్ట కడుపులో ఆ చోట వాడిపోయిన పొరొకటి ఉంది, దాని మీద ఎండిన నూకల్లాంటి చుక్కలు. ఆమె దాన్ని వేలి మీదికి తీసుకుని వెలుగులో చూసింది. ఇంక అనుమానపడాల్సింది లేదు. పేగులతో పాటు గోతిలో వేసి, సున్నం చల్లి, మట్టి కప్పింది.

కీలు చూసి, ఎముక చిట్లకుండా ముక్కలు కొట్టింది. కాలేయం మీది చేదుతిత్తి చిదగకుండా తీసింది. ఉప్పునీళ్లలో ఒకసారి, మంచినీళ్లలో ఒకసారి కడిగి, మూతగిన్నెలో సర్ది, అరిటాకు కప్పి, గుడ్డతో కట్టింది.

బసవపున్నయ్య మంచం మీంచి లేచాడు. గిన్నె మూత కొంచెం ఎత్తి చూసి తృప్తిగా తలూపాడు.

"నీ చేతి పనికి వంక పెట్టలేం."

"ముదురు పెట్ట అయ్యా," అంది హేమ్లి చేతులు తుడుచుకుంటూ. "కుక్కర్ల పెట్టి జల్దీ చెయ్యొద్దని చెప్పుండ్రి అమ్మగారికి. చిన్న మంట మీద చానాసేపు ఉడకాలె. ఉప్పు ఆఖర్న. ముక్కలు కడిగిన నీళ్లు మీ కోళ్ల కాడ పోయొద్దు, దూరంగ పోయుండ్రి."

"చెప్తాలే."

ఆమె గిన్నెను రెండు చేతులతో అందించింది. అతను అందుకుని, బండి ముందు భాగంలో కాళ్ల మధ్య కదలకుండా పెట్టుకున్నాడు.